శివరాత్రి దాటాక మైపాడు రోడ్డు మీద జట్టుగా పరుగెత్తేవారికి కొన్ని జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు. నెల్లూరులో ఆ తరువాత కొద్ది రోజులకే తెల్లవారుజామున కూడా ఉక్క మొదలవుతుంది. సరిగ్గా ఆ రోజులలోనే రన్నింగ్ క్లబ్బు మిత్రులు కలిసి స్థానికంగా జరిగే 10 కిలోమీటర్ల పందేలకు పేర్లు ఇస్తుంటారు. రోహిణి కార్తెలో రోడ్డెక్కడానికి అందరూ జంకుతారు కనుక అప్పుడు జాగ్రత్త దానంతట అదే వస్తుంది. చలికాలమంతా చల్లగాలిలో సాధన చేసిన శరీరం వేడికి అలవాటు పడకముందే పాత వేగాన్ని అందుకోవాలని పట్టుబట్టే ఈ సంధికాలం గురించే నాకు ఎక్కువ ఆందోళన. వేడికి శరీరం అలవాటు పడడానికి సాధారణంగా 10 నుంచి 14 రోజులు పడుతుంది. అందువల్ల పందెం రెండు వారాలు ఉందనగానే సాధనలో కొంత భాగాన్ని, మొదట అరగంటకు మించకుండా, ఎండ పొడ తగిలే ఏడు గంటల వేళకు మార్చుకోవాలి.

పరుగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు ముప్పాతిక భాగం వేడిగానే మారుతుంది. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట పట్టడం చాలదు, పట్టిన చెమట ఆరాలి. సముద్రం దగ్గర తెల్లవారుజామున గాలిలో తేమ బాగా ఎక్కువగా ఉంటుంది కనుక చెమట ఆరకుండా కారిపోతుంది. ఒంటికి చల్లగా అనిపిస్తున్నా లోపలి వేడి పెరుగుతూనే ఉంటుంది. గాలి వెనుక నుంచి మన వేగంతోనే వీస్తుంటే ఒంటికి గాలి తగలదు కాబట్టి ఆ దిశలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. డిసెంబరులో సాధించిన సమయాన్ని ఈ పందెంలో లక్ష్యంగా పెట్టుకోవద్దని చెప్పడానికి కారణం ఇదే. మొదటి మూడు కిలోమీటర్లు పక్కవారితో పూర్తి వాక్యాలలో మాట్లాడగలిగే వేగంతో వెళ్లి, ఆ తరువాతే వేగం పెంచాలో వద్దో నిర్ణయించుకోవడం మేలు.

జట్టుతో పరుగెత్తడంలో బలం ఎంత ఉందో ప్రమాదమూ అంతే ఉంది. ఒంటరిగా ఉంటే ఆయాసం వచ్చినప్పుడు నడిచే మనిషే, పక్కన నలుగురు ఉంటే మొహమాటంతోనో పంతంతోనో ఆగడు. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే: పందేనికి ముందురోజు అందరూ కూర్చుని, స్నేహాన్ని బట్టి కాక వేగాన్ని బట్టి, ఇద్దరిద్దరుగా జతలు కట్టుకోవడం. జతలో ఒకరు నడక మొదలుపెడితే రెండోవారూ నడవాలి, ఒకరు విరమిస్తే రెండోవారు నీళ్ల టేబులు దగ్గర వాలంటీరుకు అప్పగించేదాకా వదలకూడదు. ప్రతి రెండు కిలోమీటర్లకు ఒకసారి పలకరించుకోవాలి. "బాగున్నావా" అంటే ఎవరైనా బాగున్నాననే అంటారు, "అన్నా, ఇప్పుడు ఎన్నో కిలోమీటరులో ఉన్నాం?" అని ఆలోచించి చెప్పవలసిన ప్రశ్న అడగాలి. తడబడి చెప్పినా, విసుక్కున్నా, సంబంధం లేని జవాబు చెప్పినా వెంటనే ఆపించాలి, ఎందుకంటే వడదెబ్బ మొదట ప్రభావం చూపేది మెదడు మీదనే.

గత రెండు వారాలలో జ్వరం వచ్చినవారు ఈ పందెం వదులుకోవాలి. వైరల్ జ్వరాల తరువాత గుండె కండరానికి వాపు మిగిలి ఉండే అవకాశం ఉంటుంది, ఆ స్థితిలో తీవ్రమైన శ్రమ ప్రాణాంతకం కావచ్చు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు, నడకలోనే ఛాతీ పట్టేసినట్టు అనిపించిన అనుభవం ఉన్నవారు డాక్టరును అడగకుండా పేరు ఇవ్వకూడదు. మోకాలి నొప్పికి ముందుగానే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు వేసుకుని బయలుదేరే అలవాటు మన క్లబ్బులలో కనిపిస్తోంది. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. నొప్పి ఉంటే ఆ రోజు పరుగు వద్దు.

ముందురోజు రాత్రి చేపల పులుసు, కారం దోసె వంటివి పక్కన పెట్టి, కడుపుకు అలవాటైన తేలిక భోజనం పెందలాడే ముగించాలి. ఎవరికి ఎంత నీరు కావాలన్నది ఒక చిన్న పరీక్షతో తెలుసుకోవచ్చు: గంట పరుగుకు ముందూ తరువాతా, చెమట తుడుచుకుని, బరువు చూసుకుంటే తగ్గిన ప్రతి కిలోకూ సుమారు ఒక లీటరు నీరు పోయినట్టు. పరుగు మధ్యలో అదంతా పూడ్చవలసిన పని లేదు, దప్పికను బట్టి తాగితే చాలు. భయంతో మంచినీళ్లు అదే పనిగా తాగితే రక్తంలో సోడియం పలుచబడి తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. నెమ్మదిగా ఎక్కువ సేపు పరుగెత్తేవారికి ఈ ముప్పు ఎక్కువ. లీటరు నీటికి కలపవలసిన ఓఆర్ఎస్ పొట్లాన్ని చిన్న సీసాలో చిక్కగా కలపకూడదు. పరుగు అయ్యాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగను మించినది లేదు.

ఇక రోడ్డు సంగతి. ట్రాఫిక్ పూర్తిగా ఆపని పందెంలో, నిర్వాహకులు వేరే వైపు సూచించకపోతే, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, ఒకరి వెనుక ఒకరుగా వెళ్లాలి. మార్చి మొదట్లో ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరున్నరకు అవుతుంది; అప్పటిదాకా మెరిసే పట్టీలున్న జాకెట్టు తప్పనిసరి. తెల్లవారాక వేరే ప్రమాదం ఉంది. నెల్లూరు నుంచి మైపాడు రోడ్డు తూర్పుకు పోతుంది కనుక, సముద్రం వైపు వెళ్లే రొయ్యల లారీలు, ట్రాక్టర్ల డ్రైవర్లకు ఎండ సూటిగా కళ్లలో పడి అంచున ఉన్న మనిషి కనిపించడు. పందెంలో తిరుగు దారి పట్టినప్పుడు ఆ వాహనాలే మనకు ఎదురు వస్తాయి. డ్రైవరు మనల్ని చూశాడని అనుకోకుండా మార్జిన్‌లోకి దిగిపోవాలి, చెవుల్లో పాటలు వద్దు. కోతలు మొదలైన ఊళ్లలో రోడ్డు సగం వరకు ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాన్ని తొక్కకుండా, నడుస్తూ దాటాలి. కుక్క వెంటపడితే ఆగి నిలబడాలి; కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టించాలి.

వడదెబ్బ తగిలినవారి ఒళ్లు పొడిగా ఉంటుందన్న నమ్మకం వల్ల విలువైన నిమిషాలు పోతున్నాయి. పరుగెత్తుతూ పడిపోయినవారికి చెమటలు కారుతూనే ఉండవచ్చు. నడక తూలడం, మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం కనిపిస్తే శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటిందనే భావించి, ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా మిగిలినవారు అక్కడే చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకూడదు. మొదటి అరగంటలో వేడి దిగితే ప్రాణం నిలిచే అవకాశం చాలా ఎక్కువ. ఇందుకు కావలసినవన్నీ మన దగ్గరే ఉన్నాయి. ధాన్యం ఆరబోసే టార్పాలిన్ పట్టాలో మనిషిని పడుకోబెట్టి, నలుగురు అంచులు ఎత్తి పట్టుకుని, తల పైకి ఉంచి, ఐసు కలిపిన నీళ్లు పోసి అటూ ఇటూ కదిలిస్తే అదే తొట్టి అవుతుంది. రొయ్యల చెరువుల ప్రాంతం కనుక ఐసుకు కొరత ఉండదు, ముందురోజే చెప్పి తెప్పించి పెట్టుకోవాలి. తెలివి తప్పినవారి నోట్లో నీళ్లు పోయకూడదు. పలకక, సరిగా ఊపిరి తీసుకోకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున గట్టిగా నొక్కుతూ ఉండాలి. ఈ రెండు పనులనూ క్లబ్బులో ప్రతి ఒక్కరూ ఒక ఆదివారం సాధన చేసి ఉండాలని నా విన్నపం.

గీత దాటగానే ఆగి ఫోటోలకు నిలబడితే కాళ్లలో రక్తం నిలిచి కళ్లు తిరుగుతాయి, కాబట్టి పది నిమిషాలు నడవాలి. ముందు చేరినవారు చివరి జత వచ్చేదాకా అక్కడే ఉండి పేర్లు సరిచూసుకోవాలి. కళ్లు తిరిగినవారిని ఒంటరిగా బండి మీద పంపకూడదు. ఆ సాయంత్రం కూడా ఫోన్ చేసి కనుక్కోవాలి. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తున్నదని, తొడలు వాచి విపరీతంగా నొప్పి పుడుతున్నదని ఎవరైనా చెబితే అది కండరాలు దెబ్బతిన్న గుర్తు కనుక, తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.