నెట్ ఆగిందా? ముందు స్విచ్ లైట్లు చూడండి

హనుమకొండలో మీసేవ కేంద్రమైనా, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణమైనా, నెట్ ఆగగానే కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తారు. అంతకంటే ముందు నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) దగ్గరికి వెళ్లండి. సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

ఒక్క కంప్యూటర్‌కే రావట్లేదు, స్విచ్‌లో దాని పోర్టు (కేబుల్ గుచ్చే చోటు) లైటు వెలగట్లేదు
కేబుల్‌ను ఇంకో పోర్టులో పెట్టండి. వెలిగితే పాత పోర్టు పోయినట్టే. అక్కడా వెలగకపోతే బాగున్న కేబుల్ వేసి చూడండి. ఎక్కువగా తప్పు చివరి ప్లగ్‌లోనే ఉంటుంది: క్లిప్పు విరిగి, కుర్చీ జరిపినప్పుడల్లా వదులవుతుంది. కొత్త ప్లగ్ కొట్టేటప్పుడు కేబుల్ పైతొడుగు కూడా లోపలికి వెళ్లాలి, లేదంటే బరువంతా సన్న వైర్ల మీద పడుతుంది.

లైటు ఉంది, ఫైళ్లు మాత్రం నత్తనడక
ఇది చాలామంది కనిపెట్టలేని సమస్య. విండోస్‌లో ఈథర్‌నెట్ స్టేటస్ తెరిచి స్పీడ్ చూడండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్‌కు కలిపినా 100 ఎంబీపీఎస్ అని ఉంటే, ఎనిమిది వైర్లలో ఏదో ఒకటి సరిగా తగలడం లేదేమో చూడాలి. 100కి రెండు జతల వైర్లు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. పని ఎలాగోలా సాగుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కంప్యూటర్ పాతబడిందని వేలు పోసి కొత్తది కొంటారు, చూస్తే బాధేస్తుంది. రెండు చివర్లా ఒకే రంగుల వరుసతో ప్లగ్‌లు మళ్లీ కొట్టించండి. కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

అందరికీ ఒకేసారి ఆగింది
స్విచ్‌లో లైట్లే లేకపోతే దానికి కరెంటు ఇచ్చే అడాప్టర్ చూడండి. మార్చేటప్పుడు వోల్టేజ్ అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్వాలేదు. అన్ని లైట్లూ కలిసి ఆగకుండా టకటకా కొట్టుకుంటుంటే లూప్ పడి ఉండొచ్చు, అంటే డేటా బయటికి పోకుండా అక్కడే గిరగిరా తిరుగుతుంటుంది. ఊడ్చేటప్పుడు ఊడిన కేబుల్ కొసను ఎవరో ఖాళీ పోర్టులో గుచ్చితే, రెండు కొసలూ అదే స్విచ్‌లో ఉంటాయి. ఒక్కో కేబుల్ తీస్తూ వెళ్లండి, ఏది తీయగానే లైట్లు నెమ్మదిస్తాయో అదే.

లైటు ఉంది, కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) 169.254తో మొదలవుతోంది
రౌటర్ నుంచి ఐపీ అందలేదు. రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేసి, దాని నుంచి స్విచ్‌కు వచ్చే కేబుల్ చూడండి.

పొద్దున బాగుంటుంది, ఎండాకాలం మధ్యాహ్నం హ్యాంగ్ అవుతుంది
వేడి. మార్కెట్ దుకాణాల్లో పత్తి నూగు, మిర్చి దుమ్ము స్విచ్ గాలి రంధ్రాలను మూసేస్తాయి. కరెంటు తీసి, పొడి బ్రష్‌తో దులిపి, రేకుల కప్పుకు దూరంగా గోడకు బిగించండి.

ఉరుముల వాన తర్వాత పోర్టులు పోయాయి
రెండు బిల్డింగుల మధ్య ఆరుబయట రాగి కేబుల్ లాగి ఉంటే పిడుగు పోటు దాని గుండా వస్తుంది. అక్కడ లోహపు తీగ లేని ఫైబర్ వేయించండి, అది కరెంటును మోయదు.