టెంట్ హౌస్ రిజిస్టర్‌ని ఒక్క ఫైలులోకి ఎక్కించడం: లువా, రెడ్‌బీన్‌తో

తెనాలిలో మా బాబాయికి టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, కుర్చీలు, గుండిగలు, జంబుఖానాలు అద్దెకిస్తాడు. మాఘమాసం వచ్చిందంటే ఒకే రోజు నాలుగు పెళ్లిళ్లకు సామాను పోతుంది. ఎవరింటికి ఏం వెళ్లింది, ఎంత తిరిగొచ్చింది అన్నదంతా ఒక పొడుగాటి రిజిస్టర్‌లో ఉండేది. ఓసారి గోడౌన్ కప్పు కారి రెండు పేజీల సిరా కలిసిపోయింది. ఆ వారం బాబాయి పడ్డ టెన్షన్ చూశాక కూర్చుని ఒక చిన్న వెబ్ అప్లికేషన్ రాశాను. దుకాణంలోని పాత విండోస్ ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా సర్వర్ అద్దె కట్టక్కర్లేదు. మీరూ ఇలాంటిది చేసుకోవాలంటే ఎలాగో చెబుతాను.

భాష లువా. 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఒక విశ్వవిద్యాలయంలో పుట్టింది. పోర్చుగీసులో లువా అంటే చందమామ. కంప్యూటర్ ఆటల్లో ఎక్కువగా కనిపిస్తుంది కానీ వెబ్ సర్వర్ వెనక దీన్ని వాడేవాళ్లు తక్కువ. తెలుగు వికీపీడియాలో మూసల (టెంప్లేట్ల) వెనక నడిచే మాడ్యూళ్లు కూడా ఈ భాషలోనివే. భాష చాలా చిన్నది, రెండు సాయంత్రాల్లో పట్టుబడుతుంది.

రెడ్‌బీన్ అంటే జస్టీన్ టన్నీ రాసిన వెబ్ సర్వర్. వెబ్ సర్వర్, లువా, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మూడూ ఒకే ఫైలులో ఉంటాయి. ఆ ఒక్క ఫైలే విండోస్, లినక్స్, మ్యాక్‌లలో నడుస్తుంది. దీని లోపలి కిటుకు నాకు భలే నచ్చింది. జిప్ ఫైలులో విషయసూచిక చివర్లో ఉంటుంది, నడిచే ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ మొదటినుంచి చదువుతుంది. కాబట్టి ముందు ప్రోగ్రామ్, వెనక జిప్ పెడితే రెండూ ఒకే ఫైలులో సర్దుకుంటాయి. మీ పేజీలు ఆ జిప్ భాగంలోకి వెళతాయి.

రెడ్‌బీన్ డాట్ డెవ్ నుంచే ఫైలు దింపుకోండి, వేరే చోట్లనుంచి వద్దు. విండోస్‌లో పేరు చివర డాట్ కామ్ అని ఉండాలి. నేను టెంట్ డాట్ కామ్ అని పెట్టాను. డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో తెరుచుకుంటుంది. ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్ నెట్‌వర్క్‌కి అనుమతి ఇవ్వండి. బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్:8080 కొడితే రెడ్‌బీన్ తన పేజీ చూపిస్తుంది. అంతే, సర్వర్ నడుస్తున్నట్టే.

ఒక మాట. ఇక్కడ ఆదేశాల పేర్లు తెలుగు లిపిలో రాస్తున్నాను కానీ టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడాను లువా పట్టించుకుంటుంది. రెడ్‌బీన్ సొంత ఆదేశాలు చాలావరకు పెద్దక్షరంతో మొదలవుతాయి.

మొదటి పేజీకి నోట్‌ప్యాడ్‌లో ఒకే లైను చాలు: రైట్ అని రాసి, బ్రాకెట్లలో కోట్స్ మధ్య నమస్కారం అని పెట్టండి. యూటీఎఫ్-8లో (తెలుగు అక్షరాలను కూడా దాచగల పద్ధతి), డాట్ లువా ముగింపుతో సేవ్ చేయండి. సర్వర్ ఆపి, టెంట్ ఫైలు పేరు చివర డాట్ జిప్‌గా మార్చి, తెరిచి, మీ ఫైలు లోపలికి లాగి, పేరు మళ్లీ డాట్ కామ్ చేయండి. ప్రతి మార్పుకీ ఇలా చేస్తే విసుగొస్తుంది. అందుకని రాసేటప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో హైఫన్, పెద్ద డి, పక్కన మీ ఫోల్డర్ పేరు ఇచ్చి నడపండి. పేజీలను ఆ ఫోల్డర్‌లోంచే తీసుకుంటుంది. జిప్‌లోకి ఎక్కించడం అంతా అయ్యాక చివర్లో.

ఇక టేబుల్ సంగతి. అసలు పని ఇక్కడే ఉంది. నేను మొదట 'పంపినవి', 'వచ్చినవి' అని రెండు అంకెల గడులు పెట్టి, సామాను వచ్చినప్పుడల్లా అంకె మార్చేలా రాశాను. బాబాయి చూసి, "రిజిస్టర్‌లో అంకె కొట్టేసి పైన ఇంకోటి రాస్తే రేపు పార్టీతో గొడవొస్తుందిరా, కింద కొత్త లైను రాయాలి" అన్నాడు. నిజమే. అందుకే ఇప్పుడు ఒకటే టేబుల్, దానికి తేదీ, పార్టీ, వస్తువు, ఎన్ని అని నాలుగే గడులు. సామాను పోతే ప్లస్ అంకె, వస్తే మైనస్ అంకె. 150 కుర్చీలు వెళ్లి 146 వస్తే రెండు వరసలు ఉంటాయి. పార్టీ, వస్తువు వారీగా కూడితే 4 మిగులుతుంది, అదే బాకీ. పాత వరసను ఎవరూ ముట్టుకోరు.

తేదీని ఎస్‌క్యూలైట్‌నే వేయమనండి. కానీ అది 'ఇప్పుడు' అంటే గ్రీన్‌విచ్ లెక్క. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. తెల్లవారుజాము ముహూర్తం అయ్యాక నాలుగింటికి వచ్చిన సామాను ముందు రోజు తేదీలో పడుతుంది. తేదీ అడిగేచోట ప్లస్ 330 నిమిషాలు అని కలిపితే సరిపోతుంది.

ఫారం మామూలు హెచ్‌టీఎంఎల్. పార్టీ, వస్తువు, ఎన్ని అనే మూడు పెట్టెలు, 'పోయింది', 'వచ్చింది' అని రెండు బటన్లు, పద్ధతి పోస్ట్. అది వెళ్లి చేరేది సేవ్ పేజీకి. అక్కడ గెట్‌పారామ్‌తో ఒక్కో విలువ తీసుకోండి. లువాలో ఖాళీ మాట కూడా 'నిజం' కిందే లెక్క, సున్నా కూడా అంతే. కాబట్టి "పార్టీ ఉంటే" అని పరీక్షిస్తే పేరు లేని వరసలు లోపలికి వచ్చేస్తాయి. ఖాళీతో సమానమా అని విడిగా అడగాలి. అంకెను టునంబర్‌తో మార్చండి, అది అంకె కాకపోతే నిల్, అంటే 'ఏమీ లేదు' అని వస్తుంది. అప్పుడు సేవ్ చేయకుండా ఫారం మళ్లీ చూపించండి. 'వచ్చింది' నొక్కితే అంకె ముందు మైనస్ చేర్చడం మీ పనే. దుకాణంలో వాళ్లను మైనస్ కొట్టమనకండి.

డేటాబేస్‌లో రాసేటప్పుడు ఫారంలో వచ్చిన మాటలను ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌కి పని చెప్పే భాష) వాక్యంలో నేరుగా అతికించకండి. విలువ రావాల్సిన చోట ప్రశ్నార్థకం పెట్టి, ప్రిపేర్ చేసి, బైండ్ వాల్యూస్‌తో ఇవ్వండి. రాయడం అయ్యాక 303 స్టేటస్‌తో బాకీల పేజీకి పంపించండి. ఈ మళ్లింపు లేనప్పుడు బాబాయి సేవ్ అయిందో లేదో అని రిఫ్రెష్ నొక్కాడు, 150 కుర్చీలు 300 అయ్యాయి. బాకీల పేజీలో పేరు చూపించే ప్రతిచోటా, పేరులోని గుర్తులను బ్రౌజర్ హెచ్‌టీఎంఎల్ అనుకోకుండా ఎస్కేప్‌హెచ్‌టీఎంఎల్ వాడండి.

తెలుగు పేర్ల దగ్గర జాగ్రత్త. లువాలో పొడవు గుర్తు # లెక్కపెట్టేది బైట్లను. యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరం, ప్రతి గుణింతపు గుర్తు మూడేసి బైట్లు. వెంకటేశ్వరరావు అన్న పేరు కంటికి 7 అక్షరాలు, యూనికోడ్‌లో 14, బైట్లలో 42. పేరు 40 దాటకూడదని నేను కత్తెర వేస్తే చివరి కొమ్ము మధ్యలో తెగి, దాని బదులు ప్రశ్నార్థకం డబ్బా కనిపించింది. పొడవు చూడాలంటే యూటీఎఫ్8 డాట్ లెన్ వాడండి. అసలు కత్తిరించకపోతే ఇంకా మంచిది. పేజీ పైన మెటా క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని రాయడం మరవద్దు.

ఇంకో రెండు విషయాలు నాకు చాలా సమయం తిన్నాయి. రెడ్‌బీన్ ఒక్కో కనెక్షన్‌కి విడి ప్రాసెస్ తెరుస్తుంది. ఒక పేజీలో వేరియబుల్‌లో దాచింది ఇంకో పేజీకి కనిపిస్తుందని నమ్మకండి, నిలవాల్సింది ఏదైనా డేటాబేస్‌లోకే. డేటాబేస్‌ని కూడా ఏ పేజీకి ఆ పేజీలో తెరిచి, పని అయ్యాక మూసేయండి. గోడౌన్‌లో ఒకరు, కౌంటర్‌లో ఒకరు ఒకేసారి సేవ్ నొక్కితే ఎర్రర్ రాకుండా బిజీ టైమౌట్ (డేటాబేస్ ఖాళీ అయ్యేదాకా ఆగే గడువు) 2000 మిల్లీసెకన్లు పెట్టాను. రెండోది: డేటాబేస్ ఫైలు జిప్ లోపల ఉండదు, మీరు సర్వర్‌ని ఏ ఫోల్డర్‌లోంచి నడిపితే అందులో పుడుతుంది. వేరే ఫోల్డర్‌లోంచి నడిపిన రోజు రిజిస్టర్ మొత్తం ఖాళీగా కనిపిస్తుంది, గుండె ఆగినంత పనవుతుంది. పాత ఫైలు పాత చోటే భద్రంగా ఉంటుంది, వెతకండి.

ఫోన్‌లో తెరవాలంటే ల్యాప్‌టాప్, ఫోన్ ఒకే వైఫైలో ఉండాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొడితే 192.168తో మొదలయ్యే అంకె కనిపిస్తుంది. ఫోన్ బ్రౌజర్‌లో ఆ అంకె, పక్కన :8080. ఇందులో లాగిన్ లేదు కాబట్టి దీన్ని ఇంటర్నెట్‌కి తెరవకండి, దుకాణం వైఫై పాస్‌వర్డ్ పెళ్లివాళ్లకు ఇవ్వకండి.

రాత్రి షట్టర్ దించేముందు సర్వర్ ఆపి, టెంట్ ఫైలూ డేటాబేస్ ఫైలూ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయాలి. బాబాయి ఆ పెన్‌డ్రైవ్‌ని గోడౌన్ తాళాల గుత్తికి కట్టుకుని ఇంటికి తీసుకెళతాడు.