మూడు తాళాల పెట్టె మన వీధిలో పెట్టుకోవడం ఎట్టా

పొదుపు గురించి మన నెల్లూరోళ్ళకి ఇంకొకరు చెప్పేదేంది అనుకుంటారేమో, నిజమే, సారా ఉద్యమం అయినాక రోజుకో రూపాయి పొదుపు మొదలెట్టిన జిల్లా మనది. కానీ డ్వాక్రా లోను బ్యాంకు వీలు చూసుకుని వస్తది, రేపు తెల్లారి కొత్తపట్నం ఒడ్డున వేలంపాటలో చేపలు కొనాలంటే మూడు వేలు ఈ రాత్రికే కావాల, అప్పుడు డైలీ ఫైనాన్స్ వాడే దిక్కు.

ఇట్టాంటి చిల్లర అవసరాలకే ఆఫ్రికాలో నైజర్ దేశంలో, మరాడి పల్లెల్లో, 1991లో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ ఆడోళ్ళతో, వాళ్ళే దాచుకుని వాళ్ళే అప్పులిచ్చుకునే పద్ధతి ఒకటి మొదలెట్టింది. బయట నుంచి పైసా రాదు, చాలామందికి రాత రాదు, అయినా అది టాంజానియా, ఉగాండా దాకా పాకింది.

ముందు మనుషులు. పదిహేను మందికి తగ్గకుండా, పాతికకి మించకుండా. చుట్టరికం కాదు చూడాల్సింది, మాట మీద నిలబడతదా లేదా అని చూడండి. ఒకే ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ వొద్దు, నా మాట విని గమ్మున ఒకర్నే చేర్చుకోండి.

ఇనప పెట్టె ఒకటి చేయించి మూడు తాళాలు పెట్టించండి. పెట్టె ఒకరింట్లో, తాళంచెవులు వేరే ముగ్గురి దగ్గర, ఆ ముగ్గురూ ప్రెసిడెంటో, లెక్క రాసే ఆమో అయ్యుండకూడదు. అందరూ కూచున్నప్పుడే పెట్టె తెరవాల, మధ్యలో ఎవరింట్లో ఎంత అర్జెంటైనా తెరిచేది లేదు. అసలు పద్ధతంతా ఇక్కడే ఉంది, లీడరు ఎంత మంచిదైనా ఒక్కదాని చేతిలో డబ్బు ఉండదు.

వాటా యాభై అనుకుందాం, వారానికి ఒకటి నుంచి ఐదు వాటాల దాకా ఎవరి ఓపిక వాళ్ళది, ప్రతి వాటాకీ పుస్తకంలో ఒక ముద్ర. మీటింగ్ అయ్యేముందు పెట్టెలో ఎంతుందో గట్టిగా చెప్పి అందరిచేతా గుర్తుపెట్టించండి, వచ్చే వారం తెరవగానే ముందు అదే అడగాల. అప్పు దాచినదానికి మూడింతలు మించొద్దు, మూడు నెలల్లో తీర్చాల, వడ్డీ నూటికి రెండు చాలు. ఆస్పత్రి ఖర్చులకి తలా పది రూపాయలు వేరే సంచిలో వేయండి, దాన్ని అప్పుల్లో కలపొద్దు. బయటోళ్ళ డబ్బు అస్సలు తీసుకోవద్దు.

ఏడాదికి పంచుకోవడం. మొత్తం 2,400 వాటాలు పడ్డాయనుకోండి, అంటే 1,20,000, వడ్డీతో కలిపి పెట్టెలో 1,29,600 ఉంటే వాటా 54కి తేలుతది, 200 వాటాలున్న ఆమెకి 10,800. పంచేది జూన్‌కి ముందు పడేట్టు మొదలెట్టుకోండి, స్కూలు ఫీజులకి చేతిలో ఉంటది. చివరి నెలలో కొత్త అప్పులు ఇయ్యొద్దు, పాతవన్నీ వసూలవ్వాల కదా.

పంచిన రోజే ప్రెసిడెంటునీ, తాళంచెవులోళ్ళనీ మార్చేయండి, ఓటుకి చింతగింజలు చాలు, పేపరు ఎందుకు.