ఫైల్ నంబరు వేరు, షటర్ కౌంట్ వేరు: కెమెరా అంకెలు తికమక పెడితే ఎక్కడ చూడాలి

ఫొటోకి కెమెరా పెట్టే నంబరు, కెమెరా లోపల షటర్ (వెలుగుని క్షణంపాటు లోపలికి వదిలే తెర) ఎన్నిసార్లు పడిందన్న లెక్క, ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. నంబరు 0001కి వచ్చేసరికి కెమెరా బాడీ పాడైందని కంగారు పడతారు. నంబరు చిన్నగా కనిపిస్తే కొత్త కెమెరా అనుకుని సెకండ్ హ్యాండ్ బాడీకి ఎక్కువ ధర పెట్టేస్తారు. ఫైల్ నంబరు ఉత్త పేరు మాత్రమే. దాన్ని మెనూలో మీరే మార్చవచ్చు, మీరు పెట్టిన కార్డు కూడా మార్చేయవచ్చు. షటర్ కౌంట్‌ని మాత్రం మెనూలో ఎవరూ సున్నా చేయలేరు. ఈ తేడా గుర్తుంచుకుని కింది సమస్యలు చూడండి.

నంబరు ఉన్నట్టుండి 0001కి వచ్చింది

ఎక్కువసార్లు ఇది సమస్యే కాదు. కెమెరాలన్నీ పాటించే డీసీఎఫ్ అనే నియమం 1998లో జపాన్‌లో ఖరారైంది. దాని ప్రకారం ఫైల్ పేరులో ముందు నాలుగు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. అంకెలు 0001 నుంచి 9999 వరకే. 9999 దాటగానే కొత్త ఫోల్డర్ తెరిచి మళ్లీ మొదటి నుంచి లెక్క పెడుతుంది. సోనీలో ఐదంకెలు కనిపించినా అక్కడ కూడా 09999 తర్వాత 00001కే వస్తుంది.

9999 దాకా వెళ్లకుండానే, కార్డు మార్చినప్పుడల్లా 0001 వస్తోందంటే అది సెట్టింగ్ పని. నికాన్‌లో 'ఫైల్ నంబర్ సీక్వెన్స్' ఆఫ్‌లో ఉంటుంది, కొన్ని ఎంట్రీ లెవెల్ బాడీల్లో ఫ్యాక్టరీ నుంచే అలా వస్తుంది. దాన్ని ఆన్ చేయండి. కానన్‌లో 'ఫైల్ నంబరింగ్'ని ఆటో రీసెట్ నుంచి కంటిన్యుయస్‌కి మార్చండి. సోనీలో రీసెట్ బదులు సిరీస్ పెట్టండి. కెమెరా కొన్న రోజే చేయాల్సిన పని ఇది.

నంబరు ఒక్కసారిగా వేలల్లో ముందుకు దూకింది

నిన్న 2345 దగ్గర ఆగింది, ఇవాళ మొదటి ఫొటోకే 8121 పడింది. వేరే కెమెరాలో వాడిన కార్డుని ఫార్మాట్ చేయకుండా ఇందులో పెట్టారేమో ముందు కనుక్కోండి. కెమెరా తనకు గుర్తున్న ఆఖరి నంబరు, కార్డులోని ఫోల్డర్‌లో కనిపించిన పెద్ద నంబరు, రెండింటిలో ఏది పెద్దదైతే దాని నుంచి లెక్క కొనసాగిస్తుంది. నికాన్ మాన్యువల్‌లో ఈ మాట స్పష్టంగానే ఉంది, కానన్‌లోనూ ఇలా జరగవచ్చని రాసి ఉంటుంది.

పాత వరస మళ్లీ కావాలంటే నికాన్‌లో ఒక దారి ఉంది. కార్డుని ఆ కెమెరాలోనే ఫార్మాట్ చేసి ఒక ఫొటో తీయండి. కార్డుని కంప్యూటర్‌లో పెట్టి, ఆ ఫైల్ పేరులో అంకెల్ని మాత్రం 2345గా మార్చండి. కార్డు తిరిగి కెమెరాలో పెట్టి ఫైల్ నంబర్ సీక్వెన్స్‌లో 'రీసెట్' ఎంచుకోండి. రీసెట్ అంటే ఆ ఫోల్డర్‌లో ఉన్న పెద్ద నంబరుకి ఒకటి కలిపి తర్వాతి ఫొటోకి ఇవ్వడం, కాబట్టి 2346 పడుతుంది. ఫోల్డర్ ఖాళీగా ఉంటే మాత్రం 0001 వస్తుంది. ఆ తర్వాత సీక్వెన్స్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

కార్డులో చోటుంది, షటర్ మాత్రం పడదు

ఫోల్డర్ల నంబర్లు 100 నుంచి 999 వరకే. 999వ ఫోల్డర్‌లో 9999వ ఫొటో పడిందంటే ఇక పెట్టడానికి పేరే లేదు, కెమెరా షటర్‌ని ఆపేస్తుంది. ఫొటోలు కాపీ చేసుకుని, నికాన్ అయితే రీసెట్ ఎంచుకుని కార్డు ఫార్మాట్ చేయండి లేదా కొత్త కార్డు పెట్టండి. కానన్ అయితే వేరే కార్డు పెట్టండి. పని మధ్యలో ఉంటే బ్యాగులో ఉన్న ఖాళీ కార్డే ముందు కాపాడుతుంది.

సగం ఫొటోలు కంప్యూటర్‌లోకి రాలేదు

కార్డు రికవరీ అంటూ పరుగెత్తే ముందు, కార్డులో ఫొటోలన్నీ ఉండే డీసీఐఎం ఫోల్డర్ తెరిచి లోపల ఎన్ని ఫోల్డర్లున్నాయో చూడండి. పాత నికాన్ డీఎస్ఎల్ఆర్‌లు ఒక ఫోల్డర్‌లో 999 ఫొటోలు నిండగానే 101 అని ఇంకోటి తెరుస్తాయి. పెళ్లిలో 999 అంటే ఎంతసేపు! 100వ ఫోల్డర్ మాత్రమే కాపీ చేసి కార్డు ఫార్మాట్ చేస్తే తలంబ్రాలు పోయినట్టే. విడి ఫోల్డర్లు కాకుండా డీసీఐఎం మొత్తాన్ని కాపీ చేయడం అలవాటు చేసుకోండి.

ఒకే పేరుతో రెండు ఫొటోలు, ఒకటి మాయం

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఒకే మోడల్ బాడీలు రెండు పెట్టుకుని పెళ్లి తీసినప్పుడు, ఒకదాంట్లో డీఎస్‌సీ_4312 జీలకర్ర బెల్లం ఫొటో, రెండోదాంట్లో అదే పేరుతో భోజనాల పంక్తి ఫొటో ఉండొచ్చు. అర్ధరాత్రి దాటాక రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేస్తుంటే, ఈ పేరుతో ఫైల్ ఇప్పటికే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని విండోస్ అడుగుతుంది. నిద్రమత్తులో 'రీప్లేస్' నొక్కితే జీలకర్ర బెల్లం మీద భోజనాలు వచ్చి కూర్చుంటాయి. ఒకే బాడీ వాడినా, ఒకే ఫోల్డర్‌లోకి 9999 కన్నా ఎక్కువ ఫొటోలు చేరితే ఇదే ప్రమాదం.

ఇప్పటికే జరిగిపోతే కార్డు జోలికి పోకండి. దాన్ని ఫార్మాట్ చేయనంత వరకు అసలు ఫొటో అందులో భద్రంగానే ఉంటుంది. వేరే ఫోల్డర్ పెట్టి మళ్లీ కాపీ చేసుకుంటే సరిపోతుంది. కార్డు ఫార్మాట్ అయిపోయి ఉంటే, దాంతో ఇంకొక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాలి.

మళ్లీ జరగకుండా ఉండాలంటే ఒక్కో కార్డుకి ఒక్కో ఫోల్డర్ ఉండాల్సిందే, ఇందులో మొహమాటం వద్దు. నికాన్ చాలా మోడళ్ల మెనూలో 'ఫైల్ నేమింగ్' కింద డీఎస్‌సీ అనే మూడు అక్షరాల్ని మార్చుకునే వీలుంది. మీ బాడీకి ఒకటి, అసిస్టెంట్ బాడీకి ఒకటి పెట్టండి. కానన్ పైస్థాయి మోడళ్లలో కొన్నింటికి కూడా ఈ సౌకర్యం ఉంది. ముహూర్తానికి ముందే రెండు కెమెరాల గడియారాలూ ఒకే టైముకి సరిచేసుకుంటే, తర్వాత ఫొటోలన్నీ తేదీ, సమయం ప్రకారం పేర్లు మార్చి వరసగా పెట్టుకోవచ్చు.

పేరు ముందు అండర్‌స్కోర్ వచ్చింది

కలర్ స్పేస్ (ఫొటోలో రంగుల పరిధిని నిర్ణయించే సెట్టింగ్) అడోబ్ ఆర్‌జీబీకి మారింది. డీఎస్‌సీ_0001 కాస్తా _డీఎస్‌సీ0001 అవుతుంది, కానన్‌లో ఐఎంజీ_ బదులు _ఎంజీ_ కనిపిస్తుంది. ఆ జేపెగ్‌లు ఫోన్‌లోనో ల్యాబ్‌లోనో రంగులు వెలిసినట్టు వస్తే కారణం ఇదే కావచ్చు. ఆల్బమ్ పనికి ఎస్‌ఆర్‌జీబీ పెట్టండి. రా ఫైళ్లకి (జేపెగ్‌గా మార్చని ముడి ఫొటోలకి) భయం లేదు, కలర్ స్పేస్‌ని కన్వర్ట్ చేసేటప్పుడు ఎంచుకోవచ్చు.

"మూడు వేల క్లిక్కులు కూడా తిరగలేదు" అంటున్నారు

సెకండ్ హ్యాండ్ బాడీ అమ్మేవాళ్లు ఇప్పుడే తీసిన ఫొటో నంబరు చూపించి ఈ మాట అంటే నమ్మకండి. నంబరు 2300 ఉన్న కెమెరా మూడుసార్లు 9999 దాటి వచ్చి ఉంటే అసలు లెక్క 32,297. రీసెట్ కొట్టి ఉంటే ఎంతైనా కావచ్చు. అమ్మే మనిషికి కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు, అందుకే గొడవ పడకుండా అసలు లెక్క తీయడం మంచిది.

నికాన్, పెంటాక్స్ కెమెరాలు ప్రతి ఫొటో లోపలా ఆ లెక్క రాసిపెడతాయి. కెమెరాలోంచి నేరుగా తీసిన జేపెగ్‌ని ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాంలో తెరిస్తే 'షటర్ కౌంట్' అని ఒక వరస కనిపిస్తుంది. ఆ వరసే లేదంటే ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపిందో, లైట్‌రూమ్ లాంటి ఎడిటింగ్ ప్రోగ్రాంలోంచి ఎక్స్‌పోర్ట్ చేసిందో అయి ఉంటుంది. వాట్సాప్‌లో 'డాక్యుమెంట్'గా పంపమని అడగండి, ఫైల్ ఉన్నది ఉన్నట్టు వస్తుంది. సోనీలో చాలా మోడళ్లకీ ఎగ్జిఫ్‌టూల్ ఈ లెక్క చూపిస్తుంది.

కానన్ చాలా మోడళ్లలో దీన్ని ఫొటోలో రాయదు. 1డీ ఎక్స్ లాంటి బాడీల్లో మెనూలోనే కనిపిస్తుంది. పాత డీఎస్ఎల్ఆర్‌లు చాలావాటిని యూఎస్‌బీ కేబుల్‌తో లైనక్స్ కంప్యూటర్‌కి కలిపి జీఫోటో2 అనే ప్రోగ్రాంతో చదవవచ్చు. మిగతావాటికి సర్వీస్ సెంటరే గతి.

ఇంకో చిక్కు ఉంది. షటర్ యూనిట్ మార్చినప్పుడు కౌంటర్‌ని సున్నా చేస్తారా, పాత లెక్కే ఉంచుతారా అన్నది అన్ని చోట్లా ఒకేలా ఉండదు. బాడీ అరిగిపోయి ఉండి కౌంట్ మాత్రం తక్కువ చూపిస్తే సర్వీస్ బిల్లు అడగండి.

కౌంట్ ఎక్కువుంది, కొనవచ్చా?

షటర్ ఎన్నిసార్లు పడేదాకా నిలుస్తుందని కంపెనీలు చెప్పే అంకెలు ఇలా ఉంటాయి: కానన్ 6డీకి 1,00,000, నికాన్ డీ750కి 1,50,000, డీ850కి, సోనీ ఏ7 త్రీకి 2,00,000, నికాన్ డీ5కి 4,00,000. ఇవి పరీక్షల్లో నిలబడ్డ లెక్కలు, గ్యారంటీలు కావు. ఆ హద్దు దాటి హాయిగా పనిచేసే బాడీలూ ఉంటాయి, ముందే చేతులెత్తేసేవీ ఉంటాయి. నికాన్ జెడ్9, జెడ్8లలో మెకానికల్ షటరే లేదు కాబట్టి అక్కడ ఈ భయమే అక్కర్లేదు. నన్నడిగితే కౌంట్ ఒక్కటే చూసి బేరం తెంచుకోవద్దంటాను, ఒక పరీక్ష చేసి చూడండి.

పగటి వెలుగులో తెల్ల గోడనో ఆకాశాన్నో షటర్ స్పీడ్ 1/1000, 1/4000, వీలైతే 1/8000 సెకను దగ్గర పదేసి ఫొటోలు తీయండి. ఫ్రేమ్ ఒక అంచున నల్లటి పట్టీ వచ్చినా, పైభాగం కిందిభాగం కన్నా ముదురుగా పడినా, ఒకే సెట్టింగ్‌లో వెలుగు ఫొటో ఫొటోకీ మారినా షటర్ అలసిపోయినట్టే. కానన్‌లో 'ఎర్రర్ 30' కనిపిస్తే అది సూటిగా షటర్ గురించే చెబుతోంది. ఎల్ఈడీ లైట్ల కింద ఈ పరీక్ష చేయకండి, ఆ లైట్ల మిణుకు కూడా పట్టీల్లాగే పడుతుంది. ఫ్లాష్‌తో 1/200 లేదా 1/250 దాటినప్పుడు వచ్చే నల్ల పట్టీ కూడా లోపం కాదు, అది సింక్ స్పీడ్ (ఫ్లాష్‌తో షటర్ జత కలవగల గరిష్ఠ వేగం) హద్దు. ఫ్లాష్ ఆపి మళ్లీ తీయండి, పట్టీ పోతే షటర్ బాగానే ఉంది.