రిక్రూటింగ్ ర్యాంకును బట్టి కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టును అంచనా వేయడం ఎలా?

అమెరికాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు 247స్పోర్ట్స్, ఈఎస్‌పీఎన్ వంటి సంస్థలు ఐదు వరకు స్టార్లు ఇచ్చి, ఒక కాలేజీలో ఆ ఏడు చేరబోయే వారందరినీ కలిపి ఆ కాలేజీ ‘క్లాసు’కు ర్యాంకు కడతాయి. నవంబరులో సీజను మొదలయ్యేలోగా ఆ ర్యాంకును బట్టి జట్టు సత్తా తేల్చుకోదలిస్తే, ముందుగా అంకెను పక్కన పెట్టి పేర్లు చదవాలి. ఓ మోస్తరు ఆటగాళ్లను అయిదుగురిని తెచ్చుకున్న క్లాసు, ఇద్దరు మేటి ఆటగాళ్లున్న క్లాసుకు దీటుగా కనిపించవచ్చు. కోర్టులోకి దిగేది మాత్రం ఒకేసారి అయిదుగురే.

తరువాత, కిందటేడు ఆడినవాళ్లలో ఎవరు మిగిలారో లెక్క తీయాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది. 2012లో కెంటకీ యూనివర్సిటీ జాతీయ ఛాంపియన్ అయినప్పుడు అందరూ తొలి ఏడాది కుర్రాడు ఆంథొనీ డేవిస్‌నే తలచుకున్నారు, అది న్యాయమే. కానీ కాన్సస్‌పై 67-59తో గెలిచిన ఫైనల్లో అతను 10 షాట్లు వేస్తే పడింది ఒక్కటే. రీబౌండ్లు (గురి తప్పిన బంతిని అందుకోవడం) 16, బ్లాకులు (ఎదుటివారి షాట్లను అడ్డుకోవడం) 6 మాత్రం అతనివే. జట్టులో అందరికన్నా ఎక్కువగా 22 పాయింట్లు చేసినవాడు రెండో ఏడాది ఆటగాడు డోరన్ లాంబ్. ఆ వేసవిలో ఆరుగురు ప్రొఫెషనల్ లీగు ఎన్‌బీఏకు వెళ్లిపోయారు. అదే కోచ్ మళ్లీ అగ్రశ్రేణి క్లాసునే తెచ్చుకున్నా, పాత కాపులు పెద్దగా లేని ఆ జట్టు, ఫిబ్రవరిలో నెర్లెన్స్ నోయెల్ మోకాలు దెబ్బతినడంతో, 2013లో జాతీయ ఛాంపియన్‌ను తేల్చే 68 జట్ల ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చోటే దక్కించుకోలేక, దాని తర్వాతి స్థాయి టోర్నమెంటైన ఎన్‌ఐటీ మొదటి రౌండులో రాబర్ట్ మోరిస్ చేతిలో 59-57తో ఓడిపోయింది.

ర్యాంకు ఆటగాడి విషయంలో నిజమై, జట్టు విషయంలో తేలిపోవడమూ ఉంది. 2024-25లో రట్గర్స్ యూనివర్సిటీకి వచ్చిన మేటి ర్యాంకు కుర్రాళ్లు డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ ఆ తర్వాతి ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే కార్యక్రమంలో, 2, 5 స్థానాల్లో ఎంపికయ్యారు. రట్గర్స్ మాత్రం 15 గెలిచి 17 ఓడింది.

ఇక ట్రాన్స్‌ఫర్లను, అంటే వేరే కాలేజీల నుంచి మారి వచ్చిన ఆటగాళ్లను, విడిగా రాసుకోండి. ఏడాది ఖాళీగా కూర్చోకుండానే కాలేజీ మారే వెసులుబాటు 2021లో వచ్చాక, హైస్కూలు క్లాసు ఒక్కదాన్నే చూడటం సగం లెక్క చూడటమే. 2025 ఛాంపియన్ ఫ్లోరిడాను నడిపించిన వాల్టర్ క్లేటన్ ఐయోనా నుంచి, అలైజా మార్టిన్ ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి వచ్చినవాళ్లు.

చివరగా, ఫలితాన్ని మార్చి నెలలో ఎన్‌సీఏఏ టోర్నమెంటు నాకౌట్లతో తూచకండి. తొలి ఏడాది మేటి కుర్రాడు జయాన్ విలియమ్సన్ ఉన్న డ్యూక్ 2019లో మిషిగన్ స్టేట్ చేతిలో 68-67తో ఓడి ఇంటిదారి పట్టింది. ఒక్క పాయింటు తేడాతో క్లాసు మంచిచెడ్డలు తేలవు. అందుకు బదులు, బంతి చేతికొచ్చిన ప్రతి 100 సార్లకు జట్టు ఎన్ని పాయింట్లు చేసింది, ఎన్ని ఇచ్చింది అని చూపే కెన్‌పామ్ పట్టికలో టోర్నమెంటుకు ముందున్న స్థానాన్ని తీసుకుని, ఆ ఏడాది క్లాసు ర్యాంకు పక్కన రాయండి. ఒకే కోచ్ కింద కనీసం నాలుగైదు సీజన్లకు ఇలా రాసి పోల్చండి.