నెలలు నిండని బిడ్డను గుండెకు కట్టుకోవడం

పసిపిల్లల వార్డులో నర్సును. కంగారూ కేర్ (బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా గుండెకు కట్టుకోవడం) మొదలుపెట్టే రోజు ప్రతి తల్లికీ బిడ్డ జారిపోతుందేమోనని టెన్షన్. నా ధ్యాస మాత్రం బిడ్డ గడ్డం మీదే ఉంటుంది.

ముందు తెరిచే వదులు చొక్కా వేసుకోండి. బిడ్డకు టోపీ, సాక్సులు, డైపర్ చాలు. కాస్త వెనక్కి వాలి కూర్చుని, ఒక చెయ్యి బిడ్డ మెడ వెనక, ఇంకో చెయ్యి పిర్రల కింద పెట్టి, రొమ్ముల మధ్య నిలువుగా ఆనించుకోండి. తల ఒక పక్కకి తిరగాలి. కాళ్లు కప్ప కాళ్లలా ముడుచుకుని ఉండాలి. అప్పుడు మెత్తటి గుడ్డ చుట్టండి. దాని పై అంచు బిడ్డ చెవి కిందికి రావాలి. ఛాతీ దగ్గర బిగువుగా ఉన్నా పరవాలేదు, పొట్ట మాత్రం ఊపిరికి కదలాలి.

ఇప్పుడు గడ్డం కింద వేలు పెట్టి చూడండి. దూరాలి. నెలలు నిండని బిడ్డకు మెడ నిలవదు, గడ్డం ఛాతీకి ఆనితే గాలి దారి మూసుకుపోతుంది. ఒక రాత్రి ఓ తల్లి కునుకు తీస్తుంటే కట్టు వదులై బిడ్డ కిందికి జారింది. నేను చూసేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. తల పైకెత్తి వీపు నిమిరితే ఊపిరి అందుకుంది. ఆ తల్లి తప్పేం లేదు, కట్టు నేను చూడాల్సింది. అందుకే చెబుతున్నా, పడుకునేటప్పుడు తల వైపు ఎత్తుగా దిండ్లు పెట్టుకోండి, లేచినప్పుడల్లా వేలు పెట్టి చూడండి.

అరగంట పెట్టుకుని తీసేస్తే లాభం తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది రోజుకు 8 నుంచి 24 గంటలు. ఒక్కరి వల్ల కాదు కాబట్టి తండ్రి, అమ్మమ్మ, నాన్నమ్మ వంతులు వేసుకోవాలి. ఇంక్యుబేటర్ ఉన్న చోట కూడా ఆగక్కర్లేదు: 2021లో వెలువడిన ఐదు దేశాల పరిశోధనలో, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టగానే మొదలుపెట్టినప్పుడు మరణాలు 25 శాతం తగ్గాయి.

పాలు రెండు గంటలకోసారి. చీకలేకపోతే పాలు పిండి, చిన్న గిన్నెతో కొద్దికొద్దిగా పట్టండి. పాదాలు ముట్టుకుని చూస్తూ ఉండండి, వెచ్చగా ఉండాలి. చల్లబడినా, పాలు మానేసినా, డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, మధ్యలో ఊపిరి ఆగుతున్నా వెంటనే నర్సునో డాక్టర్నో పిలవండి. ఇంట్లో ఉంటే బిడ్డను కట్టుకునే ఆస్పత్రికి బయల్దేరండి.

ఎన్నాళ్లు అని అడుగుతారు. దాదాపు రెండున్నర కిలోలకు వచ్చాక బిడ్డే కాళ్లు చేతులు బయటికి లాగి, గింజుకుని ఏడుస్తుంది. అప్పుడు మెల్లగా తగ్గించండి.