ఆర్వీ సోలార్ ప్యానెళ్ల వైరింగును చార్జ్ కంట్రోలర్ హద్దులకు సరిపెట్టుకోవడం ఎలా?

అమెరికాలో ఆర్వీ (లోపలే నివసించడానికి వీలైన ప్రయాణ వాహనం) పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు బిగించుకునేవారు సాధారణంగా మొదట వాట్లు లెక్కపెడతారు. ప్యానెళ్లు మొత్తం 400 వాట్లు, వాటి కరెంటును బ్యాటరీకి తగినట్టు సర్దే చార్జ్ కంట్రోలర్ కూడా ఇంచుమించు అంతకు సరిపోతుంది కాబట్టి ఇక చూసుకోవలసింది ఏమీ లేదనుకుంటారు. కానీ కంట్రోలర్‌ను పాడుచేసేది వాట్లు కాదు, వోల్టులు. అవే నాలుగు ప్యానెళ్లను ఒక విధంగా కలిపితే కంట్రోలర్ నిశ్చింతగా పనిచేస్తుంది, మరో విధంగా కలిపితే గడ్డకట్టే చలి ఉన్న ఒక ఉదయం దాని లోపలి భాగాలు కాలిపోవచ్చు. అందువల్ల ఏ వైరునూ కలపకముందే వోల్టేజి లెక్క పూర్తిచేసుకోవాలి.

లేబుల్ మీది అంకెలు

ప్రతి ప్యానెల్ వెనుక ఒక లేబుల్ ఉంటుంది. అందులో వీఓసీ అంటే ప్యానెల్‌ను దేనికీ కలపనప్పుడు దాని కొసల మధ్య ఉండే వోల్టేజి. ఐఎస్‌సీ అంటే ఆ కొసలను ఒకదానికొకటి నేరుగా కలిపితే పారే కరెంటు. వీఎంపీ, ఐఎంపీ అనేవి ప్యానెల్ గరిష్ఠ శక్తిని ఇస్తున్నప్పటి వోల్టేజి, కరెంటు. ఉదాహరణకు వీఓసీ 22.5 వోల్టులు, ఐఎస్‌సీ 5.8 ఆంపియర్లు, వీఎంపీ 18.5 వోల్టులు, ఐఎంపీ 5.4 ఆంపియర్లు ఉన్న 100 వాట్ల ప్యానెళ్లు నాలుగు తీసుకుందాం. ఈ అంకెలన్నీ ప్యానెల్ సెల్ ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పటివని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ముందు రాబోయే లెక్క అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

కంట్రోలర్ విషయంలో ఆర్వీలలో తరచుగా కనిపించే విక్ట్రాన్ కంపెనీ 100/30 ఎంపీపీటీని (ప్యానెళ్ల అధిక వోల్టేజిని కరెంటుగా మార్చగల రకం) ఉదాహరణగా చూద్దాం. ఇందులో 100 అనేది ప్యానెళ్ల వైపు నుంచి రాదగిన గరిష్ఠ వోల్టేజి. 30 అనేది బ్యాటరీ వైపుకు అది ఇవ్వగల గరిష్ఠ కరెంటు. చాలామంది దీన్ని ప్యానెళ్ల వైపు హద్దుగా పొరబడతారు. ప్యానెళ్ల ఐఎస్‌సీకి ఉన్న హద్దు వేరు, దాన్ని డేటాషీట్‌లో చూడాలి. ఈ మోడల్‌కు అది 35 ఆంపియర్లు.

ఈ హద్దులన్నీ ఒకే తీరువి కావు. 12 వోల్టుల బ్యాటరీ 14.4 వోల్టుల వద్ద చార్జ్ అవుతున్నప్పుడు 30 ఆంపియర్లంటే 432 వాట్లు. ప్యానెళ్లు అంతకు మించి ఇవ్వగలిగినా కంట్రోలర్ తన 30 ఆంపియర్ల దగ్గరే ఆగిపోతుంది, మిగిలినది వృథా అవుతుంది తప్ప నష్టమేమీ లేదు. పైకప్పు మీద పడుకోబెట్టిన ప్యానెళ్లు లేబుల్ మీది వాట్లను అందుకోవడమే అరుదు కనుక, ఐఎస్‌సీ హద్దు లోపల ఉన్నంతవరకు ప్యానెళ్లు కాస్త ఎక్కువగా పెట్టుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం. 100 వోల్టుల హద్దు విషయంలో మాత్రం ఇలాంటి సడలింపు లేదు.

చలి లెక్క

ప్యానెల్ చల్లబడేకొద్దీ దాని వోల్టేజి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందో డేటాషీట్‌లో వీఓసీ ఉష్ణోగ్రతా గుణకం చెబుతుంది. సిలికాన్ ప్యానెళ్లకు అది సాధారణంగా ఒక్కో డిగ్రీకి 0.3 శాతం చుట్టుపక్కల ఉంటుంది. గుణకం తెలియనప్పుడు అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లోని పట్టికను వాడుకోవచ్చు. ఆ పట్టిక ప్రకారం 0 డిగ్రీల వద్ద వీఓసీని 1.10తో, మైనస్ 10 వద్ద 1.14తో, మైనస్ 20 వద్ద 1.18తో, మైనస్ 40 వద్ద 1.25తో గుణించాలి.

మన నాలుగు ప్యానెళ్లనూ సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను మరోదాని మైనస్‌కు వరుసగా కలిపితే, వోల్టేజీలు కూడుకుని 90 వోల్టులు వస్తాయి. వందకు పది తక్కువే కదా అనిపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల ఉదయాన పట్టిక ప్రకారం అదే 102.6 వోల్టులు అవుతుంది, డేటాషీట్‌లోని 0.3 శాతంతో లెక్కవేసినా 99.5 దాకా వస్తుంది, మైనస్ 20కి చేరితే 102 దాటుతుంది. పైగా సూర్యుడు అప్పుడే పైకి వస్తున్న వేళ ప్యానెల్ ఇంకా వేడెక్కదు, కొద్దిపాటి వెలుగుకే వోల్టేజి మాత్రం దాదాపు పూర్తిగా లేచిపోతుంది. బ్యాటరీ నిండి ఉంటే కంట్రోలర్ కరెంటు తీసుకోదు కాబట్టి ప్యానెళ్లు వీఓసీ దగ్గరే నిలబడి ఉంటాయి.

ఏ ఉష్ణోగ్రతకు లెక్క వేయాలన్న ప్రశ్నకు ఇంటి కప్పు మీది సోలార్‌కైతే ఆ ఊరి కనిష్ఠ ఉష్ణోగ్రత చాలు. ఆర్వీ కదిలే వాహనం. శీతాకాలం ఆరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ ఎడారిలో గడపాలని బయలుదేరినవారు కూడా దారిలో కొలరాడో కొండల్లో ఒక రాత్రి ఆగవచ్చు. డాలస్‌లో ఉంటున్న కుటుంబం క్రిస్మస్ సెలవులకు ఎల్లోస్టోన్ వైపు వెళ్లవచ్చు. అందుకని బండి ఎప్పుడైనా నిలపగల అత్యంత చల్లని చోటును మనసులో పెట్టుకుని, దక్షిణాది రాష్ట్రాల్లోనే తిరిగేవారైనా కనీసం మైనస్ 20కి, ఉత్తరాదికి వెళ్లేవారు మైనస్ 40కి లెక్కవేసుకోవడం మంచిది.

సిరీసా, ప్యారలలా?

నాలుగూ సిరీస్‌లో కుదరవని తేలింది కాబట్టి నాలుగింటినీ ప్యారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలిపితే ఎలా ఉంటుందో చూద్దాం. వోల్టేజి 22.5 దగ్గరే ఉంటుంది, ఐఎస్‌సీ మొత్తం 23.2 ఆంపియర్లు, రెండూ హద్దుల్లోనే ఉన్నాయి. అయితే ఇక్కడ ఎండతో సమస్య వస్తుంది. విక్ట్రాన్ ఎంపీపీటీ పని మొదలుపెట్టాలంటే ప్యానెళ్ల వోల్టేజి బ్యాటరీ కంటే 5 వోల్టులు, ఆ తరువాత పని కొనసాగాలంటే 1 వోల్టు ఎక్కువగా ఉండాలి. మండువేసవిలో సెల్ ఉష్ణోగ్రత 65 డిగ్రీలకు చేరితే 18.5 వోల్టుల వీఎంపీ ఇంచుమించు 15.5కు దిగుతుంది. 14.2 వోల్టుల వద్ద చార్జ్ అవుతున్న లిథియం బ్యాటరీకి కావలసిన 15.2 వోల్టులకు అది అంచున ఉన్నట్టే. 24 వోల్టుల బ్యాటరీ అయితే ఈ అమరిక అసలు పనికిరాదు.

వైరులో పోయే శక్తి కూడా ఎక్కువే. పైకప్పు నుంచి కంట్రోలర్ దాకా 6 మీటర్ల దూరం, అంటే రానుపోను 12 మీటర్ల 10 గేజి (వైరు మందం కొలత, అంకె తగ్గేకొద్దీ వైరు లావు) రాగి వైరు ఉందనుకుంటే, 21.6 ఆంపియర్ల వద్ద సుమారు 0.85 వోల్టులు, అంటే 4.6 శాతం వైరులోనే పోతుంది. పైన లెక్కవేసిన అంచుకు ఇది కూడా తోడైతే మిగిలేది ఏమీ ఉండదు.

రెండేసి ప్యానెళ్లను సిరీస్‌లో కలిపి, ఆ రెండు జతలను ప్యారలల్‌లో కలపడమే ఈ ఉదాహరణకు తగిన మార్గం. వీఓసీ 45 వోల్టులు. మైనస్ 40 వద్ద కూడా 56.25 దాటదు. వీఎంపీ 37 కాబట్టి వేసవిలోనూ ఇబ్బంది లేదు. కరెంటు 10.8 ఆంపియర్లకు తగ్గడంతో అదే వైరులో నష్టం 1.2 శాతం లోపే ఉంటుంది.

జతలు ఎంచుకోవడంలో నీడను చూడాలి. ఆర్వీ కప్పు మీద ఏసీ యూనిట్, వెంట్ మూతలు, యాంటెన్నా ఉంటాయి. సిరీస్‌లో ఒక ప్యానెల్ మీద నీడ పడితే ఆ జత మొత్తం దెబ్బతింటుంది. అందుకని ఒకేసారి నీడలోకి వెళ్లే రెండు ప్యానెళ్లను ఒకే జతగా కలిపితే రెండో జత నష్టపోకుండా ఉంటుంది. వాట్లు వేరుగా ఉన్న ప్యానెళ్లను సిరీస్‌లో కలపకూడదు, తక్కువ కరెంటు ఇచ్చేదే మిగతావాటినీ వెనక్కి లాగుతుంది. తరువాత కొనుక్కునే మడత ప్యానెల్‌కు విడిగా ఒక చిన్న కంట్రోలర్ పెట్టుకోవడం మేలు.

పీడబ్ల్యూఎం అనే మరో రకం కంట్రోలర్ ఉన్నవారికి ఈ ఎంపిక లేదు. అది అధిక వోల్టేజిని కరెంటుగా మార్చలేదు కనుక, 12 వోల్టుల బ్యాటరీకి ఇలాంటి ప్యానెళ్లను ప్యారలల్‌లోనే కలపాలి.

ఫ్యూజులు, కలిపే క్రమం

ప్యారలల్‌లో రెండు జతలే ఉంటే ఒకటి చెడినప్పుడు రెండోది అందులోకి తోయగలిగేది 5.8 ఆంపియర్లే, లేబుల్ మీద గరిష్ఠ సిరీస్ ఫ్యూజు 15 ఆంపియర్లని ఉంటే అది ప్రమాదం కాదు. నాలుగు ప్యానెళ్లూ విడివిడిగా ప్యారలల్‌లో ఉంటే 17.4 ఆంపియర్లు ఒక్కదానిలోకే రావచ్చు కాబట్టి ఒక్కోదానికీ ఫ్యూజు తప్పనిసరి. కంట్రోలర్‌కూ బ్యాటరీకీ మధ్య, బ్యాటరీకి దగ్గరగా, 40 ఆంపియర్ల ఫ్యూజు ఉంచి 8 గేజి లేదా అంతకంటే లావు వైరు వాడాలి.

ప్యానెళ్ల వైరును కంట్రోలర్‌కు కలపకముందు ఎండలో మల్టీమీటరుతో వోల్టేజి కొలవండి. మన ఉదాహరణలో 45 వోల్టుల దరిదాపుల్లో, ప్లస్ మైనస్ సరిగా కనబడాలి. 22 కనబడితే ఎక్కడో ప్యారలల్‌గా కలిసిందని, 90 కనబడితే అన్నీ సిరీస్ అయ్యాయని అర్థం. మొదట బ్యాటరీని, ఆ తరువాతే ప్యానెళ్లను కంట్రోలర్‌కు కలపాలి. విప్పేటప్పుడు ముందు ప్యానెళ్లను తీయాలి. కరెంటు పారుతుండగా ప్యానెళ్ల వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్లను ఊడదీస్తే మంట లేస్తుంది కాబట్టి ప్యానెళ్ల వైపు ఒక డీసీ స్విచ్ పెట్టుకోవాలి. బ్లూటూత్ ఉన్న విక్ట్రాన్ కంట్రోలర్లలో గత 30 రోజుల చరిత్రలో ఏ రోజు ప్యానెళ్ల వోల్టేజి ఎంతవరకు వెళ్లిందో ఫోన్‌లోనే కనిపిస్తుంది. మొదటి చలి ప్రయాణం తరువాత ఆ అంకెను మీ కాగితం లెక్కతో పోల్చి చూడండి.